గాలిలో నీళ్ళు

బెల్లంపల్లిలో పొద్దున తుడిచిన గూడు మధ్యాహ్నానికి నల్లబడుతుంది. ఆరేసిన ధోవతి మీద, మూత పెట్టని కుండ మీద, పడుకున్న మనిషి కనురెప్పల మీద బొగ్గు దుమ్ము వాలుతుంది. అందుకే వెంకటేశ్వర్‌రావు గిటార్ల కార్ఖానాలో, చెక్కకు మెరుగుపూత లక్కరు చిమ్మే గన్ను పట్టే మునీర్ కంటే ముందు ఐలవ్వ స్ప్రే గదిలోకి వెళ్ళేది.

ముందు ఊడ్చేది. తర్వాత బకెట్టు, చెంబు తీసుకుని వెనక గోడ దగ్గర నిలబడేది. చెంబులో వేళ్ళు ముంచి విదిలిస్తే నీళ్ళు చుక్కలుగా పడేవి. ఒక చుక్క పడ్డచోట ఇంకో చుక్క పడేది కాదు. తన అడుగులు తడిలో పడకుండా వెనక్కి నడుస్తూ, గడప దాకా అట్లా చల్లుకుంటూ వచ్చేది. గడప దాటాక గోనె పట్టాను నీళ్ళలో ముంచి, పిండి, తలుపుకు వేలాడదీసేది. ఆ తర్వాత ఆ గదిలో దుమ్ము లేచేది కాదు. మునీర్ బల్బు కింద అరచెయ్యి పెట్టి చూసేవాడు.

"నువ్వు చల్లినంక దుమ్ముకు కాళ్ళిరుగుతయ్ అక్కా" అనేవాడు.

కార్ఖానా పెట్టింది కిందటి కార్తీకంలో. చలికాలం, ఎండాకాలం గడిచాయి. వడ్రంగి అంతయ్య గుమ్మడిటేకు పలకలను సానబెట్టి, ఇరుగుడు చెక్కను కాచి వంచి, గిటారు ఒంటిని అతికేవాడు. ఐలవ్వ గరుకు కాగితంతో రుద్దేది. లక్కరును పాతచీర గుడ్డలో వడబోసి మునీర్‌కు ఇచ్చేది. మునీర్ కొట్టిన లక్కరు చెక్క మీద అద్దంలా నిలిచేది. ఎండాకాలంలో అతను రెండో గిటారు ముగించేలోపే నేల ఆరిపోయేది. ఐలవ్వ మళ్ళీ బకెట్టు ఎత్తేది.

శ్రావణంలో ముసురు పట్టింది. సికింద్రాబాదు దుకాణానికి పోవలసిన గిటార్లు ఆరు, తీగకు వేలాడుతున్నాయి. మునీర్ మొదటిదానికి గన్ను పట్టాడు. లక్కరు తడిగా మెరిసింది. అతను చెయ్యి దించి రెండోదాని వైపు తిరిగాడు. మొదటిదాని భుజం మీద ఏదో కదిలినట్టు ఐలవ్వకు అనిపించింది. అద్దం మీద ఊపిరి వదిలితే పట్టే మసక లాంటిది అక్కడ పట్టింది. అది భుజం నుంచి నడుముకు, నడుము నుంచి కిందికి పాకింది. ఊపిరి మసక అయితే పోతుంది. ఇది పోలేదు. చూస్తుండగానే చెక్కలోని గీతలు కనిపించకుండా పోయాయి.

గోనె పట్టా పక్కకు జరిపి అంతయ్య తొంగిచూశాడు. ఎవరన్నా పాలు పోసిండ్రా అని అడిగాడు.

మునీర్ అది బూడిద అనుకున్నాడు. వానల్లో ఊరంతా ఇళ్ళలోపలే బొగ్గు పొయ్యిలు రాజేస్తారు. పొగ బయటికి పోదు, తెల్లబూడిద గాలిలోనే తిరుగుతుంది. బెల్లంపల్లిలో పుట్టిన ఎవరైనా అదే అనుకుంటారు. ఇంకా నీళ్ళు చల్లమన్నాడు. కిటికీకి, పైన గవాక్షానికి కూడా తడిపట్టాలు కట్టమన్నాడు. ఐలవ్వ చల్లింది, కట్టింది. రెండో గిటారు మొదటిదాని కంటే తెల్లబడింది. మూడోదానికి ఇంకా చల్లింది. సాయంత్రానికి తీగ మీద ఆరు గిటార్లూ ఒకే తెలుపులో వేలాడాయి.

మునీర్ గుడ్డను థిన్నర్‌లో ముంచి ఒకదాని వీపు మీద తుడిచాడు. తుడిచినంత మేర తెలుపు పోయింది. ఇరుగుడు చెక్క ఎర్రగా, నల్లచారలతో పైకి వచ్చింది. థిన్నర్ ఆరింది. ఆరినచోట తెలుపు తిరిగి వచ్చి కూర్చుంది.

వెంకటేశ్వర్‌రావు అప్పుడే వచ్చాడు. బోథ్ దిక్కు భూములున్న మనిషి. పత్తి, జొన్న తెలుసు, టేకు తెలుసు. లక్కరు కొత్త. గొడుగు గోడకు ఆనించి గిటారు మీద వేలు పెట్టి రుద్దాడు. లక్కరు డబ్బా మూత తీసి వాసన చూశాడు. బజారులో కుర్చీలకు పాలిష్ పెట్టే దుకాణానికి ఎక్కడినుంచో చవకగా లక్కరు వస్తోందని ఆయన చెవిన పడి కొన్నాళ్ళయింది.

"నీళ్ళు కలిపినవా?" అని అడిగాడు.

"లక్కర్ల నీళ్ళు కలుస్తయా రావుసాబ్? పోస్తే విరుగుతది. గన్నులకెళ్ళి రానే రాదు."

"మరి గీ తెలుపేంది?"

మునీర్ గిటార్ల వైపు చూశాడు.

"తెల్వది" అన్నాడు.

ఆ మాటే అతన్ని ముంచింది. పని తెలిసినవాడికి తెలియదంటే దాస్తున్నాడనే అర్థం అని రావు అనుకున్నాడు. తీసినంత తీసి, తీసినచోట నీళ్ళు నింపినవ్, సగం అమ్ముకున్నవ్ అన్నాడు. గొంతు పెంచలేదు. గోనె పట్టా అవతల వీధిలో నిలబడ్డ ఇద్దరు ముగ్గురికి వినిపించేంత మాత్రం అన్నాడు. గన్ను అక్కడ పెట్టి పొమ్మన్నాడు.

డబ్బాను తాను రోజూ వడబోస్తానని, నీటి చుక్క ఉంటే గుడ్డ మీద తెలిసేదని ఐలవ్వ అడ్డం వచ్చింది.

"నువ్వు నీ నీళ్ళు చల్లుకో ఐలవ్వా" అన్నాడు రావు. "గీ ముచ్చట్లు నీకొద్దు."

మునీర్ గన్ను పెట్టేసి వెళ్ళలేదు. కూర్చుని విప్పాడు. సూది తీసి తుడిచాడు. మూతిని థిన్నర్‌లో కడిగి వెలుగుకు పట్టి చూశాడు. గుడ్డ పరిచి, విప్పిన వరుసలోనే ఒక్కొక్కటి దాని మీద పెట్టాడు. అప్పుడు లేచి వానలోకి వెళ్ళాడు.

ఆ రాత్రి పప్పులో ఉప్పు వేద్దామని ఐలవ్వ జాడీ మూత తీసింది. వేళ్ళకు తడి తగిలింది. ఉప్పు కళ్ళు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. జాడీ వంచితే అడుగున నీళ్ళు కదిలాయి. ఏటా వానాకాలం అంతే. ఏటా ఆమె జాడీని పొయ్యి గట్టు మీదికి జరిపేది. ఇప్పుడూ జరపబోయి, అట్లాగే పట్టుకుని నిలబడిపోయింది.

మూత ఉంది. ఇల్లు కారడం లేదు. ఎవరూ పోయలేదు. నీళ్ళు ఎక్కడివి?

పప్పు పొంగి పొయ్యిలో పడేదాకా ఆమె కదలలేదు.

తెల్లవారి పనికి వెళ్ళగానే స్ప్రే గదికి కాకుండా అంతయ్య కొట్టం దగ్గరికి వెళ్ళింది. కొట్టంలో చెక్కలు అతికే సరేసు కాగే పొయ్యి పొద్దంతా ఆరదు. పొయ్యి వెనక గోడ తాకితే వేడిగా ఉంటుంది. ఆ గోడకు ఒక పలక ఆనించి ఉంది. మునీర్ గదిలోకి వెళ్ళే ముందు, అంతయ్య ఇంకా పొయ్యి రాజేయకముందే, ఆ పలక మీద గన్ను ఒకసారి నొక్కి చూసుకునేవాడు. లక్కరు సమంగా పడుతోందా, ఒకపక్కకు పోతోందా అని. ఆ తర్వాత పొయ్యి రాజుకునేది, పలక వెచ్చగా ఆరేది. పలక మీద రోజుకొక చార. ఐలవ్వ చివరి చార మీద గోరు పెట్టింది.

"గిది నిన్నటిదేనా అన్నా?"

"నిన్నటిదే. పొయ్యి రాజెయ్యకున్నా గోడ మొన్నటి వేడి మీదనే ఉండె. నా ముంగటనే కొట్టిండు."

"గా డబ్బలదేనా?"

"ఇంకో డబ్బ యాడున్నది? ఏందే, పొద్దుగాల్నే జబర్దస్తు వకీలు లెక్క అడుగుతున్నవ్."

చార వెనక చెక్క కనిపిస్తోంది. చెక్కలోని సన్నగీత కూడా కనిపిస్తోంది. మసక లేదు. అదే డబ్బా, అదే గన్ను, అదే చెయ్యి. ఇక్కడ గోడ వేడిగా ఉంది. అక్కడ ఏముంది?

కొంగులో కట్టుకొచ్చిన ఉప్పును రెండు భాగాలు చేసింది. ఒక మోదుగాకులో కొంత వేసి పలక పక్కన పెట్టింది. ఇంకో ఆకును తీసుకుని స్ప్రే గదిలోకి పోయింది. నిన్నటి నీళ్ళు నేల మీద ఇంకా ఉన్నాయి. గోనె పట్టాలు ఆరలేదు. ఆకును నేల మీద పెట్టి వచ్చి, గిటారు మెడలు రుద్దే పనిలో కూర్చుంది. రుద్దుతున్నంతసేపూ మధ్యలో లేచి చూడకూడదని అనుకుంది. ఒకసారి లేచింది, మళ్ళీ కూర్చుంది.

మధ్యాహ్నం సద్ది తిన్నాక వెళ్ళి చూసింది. పొయ్యి దగ్గరి ఉప్పు వేలితో కదిపితే గలగలమంది. గదిలోని ఆకులో ఉప్పు కరిగి, ఆకు గుంటలో నీళ్ళు నిలిచాయి. ఆ నీళ్ళలో పైన వేలాడే గిటారు నీడ పడింది.

ఐలవ్వ గడప మీద కూర్చుంది. గదిలో ఏమీ కదలడం లేదు. కంటికి ఏమీ ఆనడం లేదు. ఆ ఖాళీలోనే నీళ్ళు ఉన్నాయి. ఇంటి జాడీలోకి మూత సందునుంచి దూరినవి, ఈ ఆకులో దిగినవి, ఆరు గిటార్ల మీద వాలినవి ఒకటే నీళ్ళు. ఎంత పెద్ద సంగతి ఎన్నేళ్ళుగా తన ఉప్పు జాడీలో ఉందో తలుచుకుంటే ఆమె ఒళ్ళు జలదరించింది. తర్వాత బకెట్టు వైపు చూసింది. వానలో వచ్చిన తడి చాలక, తాను చెంబులతో పోసింది. చుక్క మీద చుక్క పడకుండా, వెనక్కి నడుచుకుంటూ పోసింది.

సాయంత్రం మునీర్ ఇంటికి వెళ్ళింది. మసీదు వెనక సందులో రేకుల ఇల్లు. తల్లి జమాలున్నీసా గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. సందులో పోయేవాళ్ళను తలెత్తి చూడటం లేదు. చూస్తే పలకరించాలి, పలకరిస్తే మునీర్ సంగతి అడుగుతారు. లోపల మునీర్ బట్టలు సంచిలో సర్దుతున్నాడు. బల్లార్షాలో చిన్నాన్న కొడుకు లారీలకు రంగు వేస్తాడట. సోమవారం బండికి పోతాడట.

ఐలవ్వ ఉప్పు సంగతి చెప్పింది. పలక సంగతి చెప్పింది. మునీర్ సర్దడం ఆపాడు. థిన్నర్ సీసా మూత తీసి మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని ఊదాడు.

"సల్లగైతది అక్కా" అన్నాడు నెమ్మదిగా. "థిన్నర్ ఎగిరిపోయేటప్పుడు చెక్కను సల్లగ చేసిపోతది. సల్లటి చెంబుకు నీళ్ళు పట్టవా? గట్లనే పట్టింది. లక్కర్ ఆరేలోపు పట్టింది, లోపల్నే ఉండిపోయింది."

ఇద్దరూ ఆ మణికట్టు వైపే చూశారు. అక్కడ ఏమీ లేదు.

"చల్లమన్నది నేనే గదా" అన్నాడు మునీర్.

"చల్లింది నేను."

"ఉండు. ఇది చెప్తే ఏమైతదో సోంచాయించినవా? నీళ్ళే వద్దంటే నువ్వెందుకు రావుసాబ్‌కు? మెడలు రుద్దెటానికి అంతయ్య కోడలున్నది."

ఆ మాట ఆమె సందు తిరిగేటప్పుడే అనుకుంది. జమాలున్నీసా చేటలోంచి ఒక రాయి తీసి వీధిలోకి విసిరింది.

"దొంగ అన్నరమ్మా నా కొడుకును. సందంత విన్నది."

ఐలవ్వ లేచింది.

సోమవారం రావు మంచిర్యాల నుంచి కొత్త డబ్బా తెచ్చాడు. మూత మీద సీలు ఉంది. గన్ను అంతయ్య పట్టాలని నిర్ణయం అయింది. అంతయ్యకు ఇష్టం లేదు. ఉలి పట్టే చేతికి గన్ను ఎందుకని గొణుగుతూనే వచ్చాడు.

గది నేల పొడిగా ఉంది. తలుపుకు పట్టా లేదు.

"చల్లలేదేం?" అన్నాడు రావు.

ఐలవ్వ బకెట్టు పక్కన నిలబడి ఉంది.

"నీళ్ళు కలిసిన మాట నిజమే దొరా" అంది. "డబ్బల కాదు, గాలిల. కలిపింది మునీర్ కాదు, నేను."

రావుకు అర్థం కాలేదు. ఆమె మళ్ళీ చెప్పింది. చేతిలో రెండు మోదుగాకులు ఉన్నాయి, చూపింది. వాన్ని కాపాడబోయి ఉప్పు, ఆకులు అంటూ మంత్రగత్తె లెక్క మాట్లాడకు అన్నాడు రావు. చల్లమన్నాడు.

"చల్ల దొరా."

ఆ కార్ఖానాలో ఆ మాట అదివరకు ఎవరూ అనలేదు. అంతయ్య తల వంచుకుని గన్ను మూతిని చూడసాగాడు. రావు ధోవతి కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని తానే చెంబు ముంచాడు. ఆయనకు చల్లడం రాదు. నీళ్ళు ఒకచోట మడుగు కట్టాయి, ఒకచోట పడనే లేదు. తన తడి అడుగుల్లో తానే అడుగు వేసుకుంటూ గడపదాకా వచ్చాడు. పట్టా ముంచి తానే కట్టాడు. డబ్బా సీలు తానే తీశాడు.

అంతయ్య ఒక చెక్క ముక్క మీద కొట్టాడు. లక్కరు మెరిసింది. ముగ్గురూ దాని చుట్టూ నిలబడ్డారు. ముక్క మూలన మసక మొదలైంది. అది నడవడం రావు కళ్ళారా చూశాడు. అవతలి అంచుదాకా చూశాడు.

"సీలు నేనే తీసిన" అన్నాడు, ఎవరితోనూ కాదు.

ఐలవ్వ ఇంకో ముక్క ఇచ్చింది. రాత్రంతా కొట్టంలో వేడిగోడకు ఆనించి ఉంచిన ముక్క. పొయ్యి ఆ పూట రాజేయనివ్వలేదు ఆమె. కొట్టం గడపలో అంతయ్య దాని మీదా కొట్టాడు. అదే డబ్బా, అదే గన్ను. అది మసకబారలేదు. రావు రెండు ముక్కలనూ రెండు చేతుల్లో పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. తల మీద చూరు నీళ్ళు పడుతున్నాయని అంతయ్య చెప్పేదాకా ఆయనకు తెలియలేదు.

మునీర్‌ను పిలుచుకురమ్మని అంతయ్యతో అన్నాడు.

"పిలిస్తే రాడు దొరా" అంది ఐలవ్వ. "మాట బజార్ల పడ్డది."

రావు గొడుగు తీసుకున్నాడు. మసీదు వెనక సందులో ఏం జరిగిందో తర్వాత జమాలున్నీసా చెప్పింది. గుమ్మం దాటి లోపలికి రమ్మంటే రాలేదట. వద్దు, ఇక్కడే చెప్పాలని వీధిలోనే నిలబడ్డాడట. మునీర్ తీయలేదు, కలపలేదు, నీళ్ళు నా కార్ఖానావి, నేను తప్పు మాట అన్నాను అన్నాడట. అవతలి ఇంటివాళ్ళు తలుపు తీసి విన్నారట. మునీర్ సంచి భుజాన వేసుకునే ఉన్నాడు. ఆ సంచితోనే కార్ఖానాకు వచ్చాడు.

రెండురోజుల పాటు గన్ను ఎవరూ ముట్టలేదు. గోనె పట్టాలు విప్పి అవతల పారేశారు. ఐలవ్వ గది గోడలు, నేల గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి దుమ్ము తీసింది. ఇనుప గమేళాల్లో నిప్పులు పోసి గదిలో పెట్టింది. గోడల్లోంచి తడి లాగిన వాసన వచ్చింది. ఆకులో ఉప్పు పెట్టి చూస్తూ పోయింది. మునీర్ మోటరు పెయింటర్ల దగ్గరికి పోయి వాళ్ళు వానాకాలంలో వాడే థిన్నర్ తెచ్చాడు. అది నిదానంగా ఆరుతుందట. లక్కరు గట్టిపడేలోపు లోపలి తడికి బయటికి పోయే వ్యవధి ఇస్తుందట. గన్నును నడిపే కంప్రెసర్ ట్యాంకు అడుగున తిప్పుడు మర ఉంది. ఎన్నడూ విప్పలేదు. విప్పితే బుస్సుమని తుప్పునీళ్ళు వచ్చి, కింద పెట్టిన గిన్నె నిండింది. గాలి నింపే ట్యాంకు అది.

"దీంట్ల ఎవరు పోసిండ్రు?" అన్నాడు రావు. వంగి ఆ గిన్నెను చూస్తూ ఉన్నాడు.

మూడోనాడు ఆకులో ఉప్పు గలగలమంది. ఐలవ్వ నిప్పులన్నీ వాకిలి దాటించి, నీళ్ళు పోసి ఆర్పి వచ్చింది. థిన్నర్ ఉన్నచోట నిప్పు రవ్వ ఉండకూడదు. కిటికీ తెరిచారు. గోడలు పట్టుకున్న వేడి గదిలో మిగిలింది.

మునీర్ తెల్లబడ్డ గిటార్లలో మొదటిదాన్ని వేలాడదీశాడు. గన్నులో లక్కరు పోయలేదు, ఆ థిన్నర్ మాత్రమే పోశాడు. ఎప్పుడూ నిలబడే చోటుకంటే రెండడుగులు వెనక నిలబడి, గాలిలోకి నొక్కాడు. పొగమంచు లాంటిది గిటారు మీదికి పోయింది. అది చెక్కను తడపలేదు, తాకింది. మునీర్ చెయ్యి దించాడు.

ఏమీ కాలేదు. అంతయ్య గొంతు సవరించుకున్నాడు. మునీర్ చెయ్యి ఎత్తి అతన్ని ఆపాడు.

భుజం దగ్గర తెలుపు పలచబడింది. అది పట్టిన దారినే తిరిగి పోతోంది. భుజం నుంచి నడుముకు, నడుము నుంచి కిందికి. ముందు ఒక గీత కనిపించింది. దాని పక్కన ఇంకో గీత. తర్వాత గుమ్మడిటేకు పలక అంతా, అంతయ్య చిత్రిక పట్టిననాటి రంగుతో, లోపలినుంచి పైకి వచ్చింది. అది మళ్ళీ తెల్లబడుతుందేమోనని నలుగురూ నిలబడే ఉన్నారు. తెల్లబడలేదు. బల్బు వెలుగు దాని మీద గుండ్రంగా నిలిచింది. ఐలవ్వ దగ్గరికి పోయింది. అందులో తన మొహం కనిపించింది. ముక్కుపుల్ల కూడా కనిపించింది. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, ఊపిరి దాని మీద పడకుండా.

వెనక ఎవరో కదిలినట్టయి తిరిగి చూసింది. రావు చెప్పులు గడప అవతల ఉన్నాయి. ఎప్పుడు విడిచాడో ఎవరూ చూడలేదు.

ఆరూ అట్లాగే తేటపడ్డాయి. ఒక్కొక్కదానికి ఒక్కోచోట మొదలైంది, ఒక్కోవిధంగా ముగిసింది. సాయంత్రం దాకా ఎవరూ అన్నం మాట ఎత్తలేదు. ఇక మిగిలింది పైన ఒక్క పూత లక్కరు.

మర్నాడు పొద్దున ఐలవ్వ అలవాటు కొద్దీ బకెట్టు అందుకుంది. సగం దూరం నడిచి ఆగింది. బకెట్టును గోడ వారగా బోర్లించి, దాని మీద చెంబు పెట్టింది. చేతులకు పని లేదు. నీళ్ళే వద్దంటే నువ్వెందుకని మునీర్ తన ఇంట్లో అన్న మాట గుర్తొచ్చింది. కొంగులోంచి ఉప్పు తీసి ఆకులో పోసి, గది మధ్యలో పెట్టి, గడప పక్కన నిలబడింది. రాత్రే మళ్ళీ పట్టిన వాన ఇంకా కురుస్తోంది.

రావు వచ్చాడు. సికింద్రాబాదు దుకాణం నుంచి మనిషి వచ్చి స్టేషన్లో కూర్చున్నాడని, సరుకు ఇవాళే ఎక్కించాలని చెబుతూ వచ్చాడు. మునీర్ గన్ను బిగించి సిద్ధంగా ఉన్నాడు. రావు గొడుగు ముడవకుండానే గది వాకిట్లో ఆగాడు.

"ఇగ కొట్టుడేనా?" అన్నాడు.

మునీర్ ఐలవ్వ వైపు చూశాడు. అంతయ్య కూడా ఉలి ఆపి ఐలవ్వ వైపే చూశాడు. ఆఖరుకు రావు కూడా తిరిగాడు.

ఐలవ్వ లోపలికి పోయి వంగింది. ఒక ఉప్పుకల్లు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కింది. వేళ్ళు విడదీసింది. కల్లు కింద పడలేదు, బొటనవేలికి అంటుకుని ఉంది.

"ఇయ్యాల వద్దు దొరా" అంది.

రావు స్టేషన్ వైపు ఒకసారి చూశాడు. గొడుగు ముడిచి, నీళ్ళు గడప బయటే దులిపి, అంతయ్య పీట లాక్కుని కూర్చున్నాడు.